పెడల్ మాట వినని ఫైళ్లు

అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక కూర్చుని రాయరు, చేతిలో ఉన్న చిన్న యంత్రంలోకి మాట్లాడతారు. ఆ మాటలు ఫైళ్లుగా మారి విజయవాడ సూర్యారావుపేటలో ఒక మందుల షాపు మీది అంతస్తుకు వచ్చేవి. మేం హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాటిని విని, టైపు చేసి, వాళ్లకు తెల్లవారేలోగా తిరిగి పంపాలి. దాన్ని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ పనికి మా ఊళ్లో మంచి గిరాకీ. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఏసీ గదిలో చేసుకునే ఉద్యోగమని అందరూ చెప్పుకునేవారు. ఏసీ నిజమే. అది కంప్యూటర్ల కోసం పెట్టింది.

మా అబ్బా, అంటే నాన్న, వన్‌టౌన్‌లో దర్జీ. నేను ఉద్యోగంలో చేరిన వారంలో ఆఫీసులో ఏం చేస్తున్నావని అడిగారు. బల్ల కింద కాలితో నొక్కే పెడల్ ఉంటుందని చెప్పాను. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, కాలు తీస్తే ఆగిపోతాడు, పక్కన నొక్కితే చెప్పిందే మళ్లీ చెబుతాడు, చేతులు మాత్రం టైపింగ్ మీదే ఉంటాయి అన్నాను. అబ్బా కత్తెర పక్కన పెట్టి, "అయితే నువ్వూ మిషన్ తొక్కే పనే చేస్తున్నావు" అన్నారు. ఆయన సంతోషించారో బాధపడ్డారో నాకు తెలియలేదు. అమ్మీ మాత్రం రోజూ నా మడమకు కొబ్బరినూనె రాసేది.

ఒక్కో కంప్యూటర్‌కి ఇద్దరం. నాది మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున షిఫ్టులో నా కుర్చీలోనే కూర్చునే ఆమె మంగళగిరి నుంచి వచ్చేది. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. అత్తగారింట్లో మగ్గాలు, పుట్టింట్లోనూ మగ్గాలే. మామగారు, భర్త నేస్తారు. ఈమె గుంటూరులో డిగ్రీ చదివింది గనక ఉద్యోగానికి పంపారు. తెల్లవారుజామునే లేచి, వంట చేసి, మొదటి బస్సు పట్టుకుని కృష్ణా బ్యారేజీ దాటి వచ్చేది. ఆమె పని ముగించి కుర్చీలోంచి లేచే వేళకు నేను వచ్చేదాన్ని. కుర్చీ అప్పటికి వెచ్చగా ఉండేది. హెడ్‌ఫోన్ల మెత్తటి భాగాన్ని చీరకొంగుతో తుడిచి నా చేతికిచ్చి, "ఇవాళ రెండో ఫైలు ఆయన ఏదో తింటా మాట్లాడతన్నాడమ్మాయ్. నమిలేటప్పుడు ఆగు, మింగినాక విను" అని చెప్పి బస్సుకు పరిగెత్తేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. మా ఇద్దరికీ ఉన్న పరిచయం ఆ కాసేపే. కానీ రోజూ ఉండేది.

ఆ కాసేపట్లోనే ఇద్దరం కలిసి ఒక పని చేసుకున్నాం. డాక్టర్లు చెప్పినవే చెబుతారు. రోగిని ఆపరేషన్ గదిలోకి తెచ్చాం, వెల్లకిలా పడుకోబెట్టాం, మత్తు ఇచ్చాం. ఇలాంటివి రోజుకు ఎన్నిసార్లు కొడతాం? మా టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం ఉండేది. ఒక పొట్టి మాట నేర్పి పెడితే, అది కొట్టగానే వాక్యం మొత్తం వచ్చేస్తుంది. మిగతా అమ్మాయిలు ఇంగ్లీషు పొడి అక్షరాలు పెట్టుకునేవారు. అవి అప్పుడప్పుడూ అసలు మాటలతో కలిసిపోయి రిపోర్టు పాడయ్యేది. అక్క తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టింది. 'నిద్ర' అని కొడితే మత్తుమందు గురించిన పేరా. 'కుట్టు' అంటే కోతను ఏ దారంతో ఎలా మూశారో చెప్పే పేరా. 'పోగు' అంటే నరాలు సరిగా ఉన్నాయనే వాక్యం. ఏ అమెరికా డాక్టరూ పోగు అనడు కదా. నేను చేరాక మా ఇంటి మాటలు కలిపాను. కడుపులో నొప్పికి ఆమెది 'నొప్పి', గుండెనొప్పికి నాది 'దర్ద్'. జ్వరానికి 'బుఖార్' పెడితే ఆమె నవ్వింది. తర్వాత ఆమే అది ఎక్కువగా వాడేది. రెండేళ్లు గడిచేసరికి అలాంటివి వందల్లో పోగయ్యాయి. అవన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండేవి.

ఆఫీసు నడిపే సార్ అంతకుముందు మందుల కంపెనీకి ఊరూరా తిరిగిన మనిషి. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది తక్కువ, భయం ఎక్కువ. ఒకసారి అమెరికా కంపెనీ వాళ్లు శిక్షణ వీడియో ఉన్న సీడీ పంపారు. రోగుల విషయాలు బయటికి చెప్పకూడదని, రిపోర్టు ఎలా ఉండాలని అందులో ఉంది. అది మామూలుగా తెరుచుకోలేదు. దానికి వేరే మీడియా ప్లేయర్ కావాలట. స్పీకర్లు పనిచేసేది మా కంప్యూటర్‌కి ఒక్కదానికే. సార్ ఎవరినో పిలిపించి అందులోనే ఆ ప్లేయర్ ఎక్కించారు. అందరం కుర్చీల వెనక నిలబడి చూశాం. సార్ సమోసాలు తెప్పించారు. తెల్లజుట్టు ఆవిడ ఒకరు నవ్వుతూ చాలాసేపు మాట్లాడారు.

మర్నాడు అక్క సెలవు పెట్టింది. మధ్యాహ్నం నేను కూర్చుని మొదటి ఫైలు నొక్కాను. తెర మీద ఎప్పుడూ వచ్చే బూడిదరంగు కిటికీ రాలేదు. నల్లటిది ఒకటి తెరుచుకుంది. అందులో ఊదారంగు, ఆకుపచ్చ రంగు అలలు ఎగురుతున్నాయి. డాక్టరు ఒక ముసలాయన ఎలా చనిపోయాడో చెబుతున్నాడు. అలలు ఆ గొంతుకు తగ్గట్టు లేస్తున్నాయి, పడుతున్నాయి. పెడల్ తొక్కాను. ఏమీ కాలేదు. గట్టిగా తొక్కాను. ఆయన చెప్పుకుంటూ పోతూనే ఉన్నాడు. ఆపాలంటే మౌస్ పట్టుకోవాలి. మౌస్ పట్టుకుంటే టైపింగ్ ఆగుతుంది. మళ్లీ మొదలుపెట్టేసరికి రెండు వాక్యాలు దాటిపోతాయి.

అంతకుముందు నా షిఫ్టులో ఎప్పుడూ అలా జరగలేదు. వెతకగా ఆ ప్లేయర్ సెట్టింగుల్లో ఒకచోట పెద్ద పట్టిక కనిపించింది. పాటలు, వీడియోలు, ఎన్ని రకాల శబ్దాల ఫైళ్లు ఉన్నాయో అన్నిటికీ ఎదురుగా టిక్కులు ఉన్నాయి. అంటే వాటన్నిటినీ ఇక తానే తెరుస్తానని. ఎవరు అనుమతిచ్చారో తెలియదు. ఎక్కించేటప్పుడు ఏదో పెట్టె వచ్చి ఉంటుంది, వచ్చినతను 'సరే' నొక్కి ఉంటాడు. ఒక్కో టిక్కు తీశాను. తర్వాత మా పాత సాఫ్ట్‌వేర్‌కి ఆ ఫైళ్లను మళ్లీ అప్పగించాను. పెడల్ పనిచేసింది. అప్పటికి చాలాసేపు గడిచింది. ఆ రోజు ఇవ్వాల్సిన పని పూర్తి కాలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి అక్క తెరకేసి చూస్తూ కూర్చుంది.

"పొద్దున ఇదెవరో గానీ అన్నీ తన మీదేసుకుందమ్మాయ్" అంది.

"నేను నిన్న తీసేశానక్కా."

"తీస్తే మళ్లీ ఎట్టా వచ్చుద్ది?"

ఇద్దరం కలిసి మళ్లీ తీశాం. ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున కంప్యూటర్ వేయగానే ఆ ప్లేయర్ వెనకనుంచి లేచి, పోయినవన్నీ తిరిగి తీసుకునేది. ఆమె వచ్చి సరిచేసుకునేది. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు సార్ నియమం ప్రకారం కంప్యూటర్ ఆపి మళ్లీ వేయాలి. వేయగానే నాకూ అదే పని. ఫైళ్లు వచ్చే తెర మీద పేరు నొక్కితే దానంతటదే తెరుచుకోవాలి, వేరే దారి లేదు. కాబట్టి సరిచేయకుండా పని మొదలుకాదు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత కోపం కూడా రావడం మానేసింది. ఇంటికెళ్లాక అమ్మీ నూనె రాస్తుంటే కళ్లు మూసుకున్నా ఆ చిన్న చిన్న గళ్లే కనిపించేవి.

"తీసేద్దామా సార్ దాన్ని?" అని ఒకరోజు అడిగాను.

"తీస్తే ఆ వీడియో ఎలా చూపిస్తామమ్మా? కొత్త బ్యాచ్ వస్తోంది" అన్నారు సార్.

ప్లేయర్ అంతటితో ఊరుకోలేదు. కొత్త రూపు వచ్చింది, తెచ్చుకోమంటారా అని అడగడం మొదలుపెట్టింది. మేం వద్దన్నా తనే ఇంటర్నెట్‌కి కలుపుకోవడానికి ఫోన్ లైన్ పట్టుకునేది. ఆఫీసుకు ఉన్నది రెండే లైన్లు. అందులో ఒకటి సార్ బల్ల మీద ఉన్న ఫోనుది. అమెరికా కంపెనీ మేనేజరు ఫోన్ చేస్తే ఎంతసేపటికీ ఎంగేజ్ వచ్చిందట. ఆమె మెయిల్‌లో గట్టిగా రాసింది. ఆ మర్నాడు షిఫ్టు మారే వేళకు సార్ మా కుర్చీ దగ్గరకు వచ్చారు. ఇద్దరినీ ఉండమన్నారు. అక్క అప్పటికే చేతిసంచి భుజాన వేసుకుంది.

"ఈ మెషిన్‌లోనే ఎందుకు ఇలా అవుతోంది?" అన్నారు. "పొద్దున పూట ఇక్కణ్నుంచి పాటలు వినపడుతున్నాయని నాకు చెప్పారు."

ఎవరు చెప్పారో బయటపెట్టలేదు. చూపు మాత్రం అక్క మీదే ఉంది. పక్క వరుసల్లో టైపింగ్ చప్పుడు ఆగింది.

"పాటలు వింటా కూర్చుంటే పని ఎట్టా అవుద్దండీ?" అంది అక్క. "ఉన్నయి రెండు చెవులే గదండీ."

"మరి ఆ ప్లేయర్ ఎవరు వాడుతున్నట్టు?"

"సార్, వీడియో చూడటానికి మీరే పెట్టించారు కదండీ" అన్నాను నేను.

"అది ఒక్కరోజుకమ్మా. ఆ రోజు అయిపోయింది."

కంప్యూటర్‌కి మాత్రం ఆ సంగతి ఎవరు చెప్పారు? నేను సార్‌ని కుర్చీలో కూర్చోమన్నాను. టిక్కులన్నీ తీసి చూపించాను. ఫైలు నొక్కితే మా కిటికీ తెరుచుకుంది, పెడల్‌కి డాక్టరు ఆగాడు. "ఇప్పుడు ఎవరూ ముట్టుకోవద్దండీ" అని కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అది లేవడానికి చాలాసేపు పట్టేది. అంతసేపూ ముగ్గురం నల్లటి తెరనే చూస్తూ ఉన్నాం. అక్క బస్సు వెళ్లిపోయింది. కంప్యూటర్ లేచింది. ఫైలు నొక్కాను. ఊదారంగు అలలు వచ్చాయి.

సార్ కుర్చీలోంచి లేచారు. "అయితే ఇది వైరస్" అన్నారు.

"వైరస్ కాదండీ, దాని పద్ధతే అంత."

"ఎవరు చేశారన్నది కాదమ్మా నేననేది. ఇలా జరక్కూడదు. నేను చూసుకుంటాలే" అని వెళ్లిపోయారు. అక్కతో మాత్రం ఏమీ అనలేదు. ఆయన వెనక్కి తిరిగి ఏదైనా అంటారని ఎదురుచూసినట్టు ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, "నాలుగో ఫైలు గొంతు సరిగా లేదు, సౌండు పెంచుకో" అని చెప్పి మెట్లు దిగింది.

ఆదివారం మాకు సెలవు. ఆ రోజు సార్ కంప్యూటర్ షాపు నుంచి ఇంజనీరును పిలిపించారు. అతను వచ్చి, ఇన్ని తలనొప్పులు ఎందుకు, ఫార్మాట్ కొట్టేద్దాం అన్నాడట. ఫార్మాట్ అంటే అందులో ఉన్నదంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం. లోపల ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా అని అడిగాడట. రిపోర్టులన్నీ సర్వర్‌లో ఉంటాయి, ఇక్కడేమీ ఉండవని సార్ చెప్పారు. ఆయనకు తెలిసినంతవరకు అది నిజమే.

సోమవారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అక్క కుర్చీలోంచి లేవలేదు. మామూలుగా ఆ వేళకు సంచి సర్దుకుని ఉంటుంది. తెర కొత్తగా, ఆకాశంలా నీలంగా ఉంది.

"నిద్ర కొట్టి చూడు" అంది.

వంగి కొట్టాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో నిద్ర అనే మాటే ఉంది. ఇంకేమీ రాలేదు. కుట్టు కొట్టాను. దర్ద్ కొట్టాను. ఏ మాట కొడితే ఆ మాటే.

"పొద్దుటి నుంచి మొత్తం చేత్తోనే కొట్టానమ్మాయ్. వేళ్లు లాగేస్తన్నాయి" అని చేతులు చూపించింది. మధ్యలో కొన్నిసార్లు పొరపాటున పాత మాటలే కొట్టేసిందట. ఒక రిపోర్టులో 'నొప్పి' అలాగే వెళ్లిపోయింది. సరిచూసే మేడమ్ పిలిచి ఇదేం భాష అని అడిగింది.

నేను షాపుకు ఫోన్ చేసి ఇంజనీరును అడిగాను. పాతవి ఎలాగైనా తిరిగి వస్తాయా అన్నాను.

"బ్యాకప్ తీయమని ఎవరూ చెప్పలేదు కదా మేడమ్."

"మాకు తెలిస్తే చెప్పేవాళ్లం కదండీ."

"సార్‌ని అడిగాను మేడమ్. అంతా సర్వర్‌లో ఉందన్నారు." అతని గొంతులో తప్పించుకునే ధోరణి లేదు. నిజంగానే బాధపడ్డాడు. కానీ ఏం లాభం.

ఫోన్ పెట్టేసి వచ్చి, నియమం ప్రకారం కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి కూర్చున్నాను. అక్క ఇంకా పక్కనే నిలబడి ఉంది. నా మొదటి ఫైలు నొక్కాను. నల్లటి కిటికీ తెరుచుకుంది, అలలు ఎగిరాయి. ఇంజనీరు దగ్గరుండే సీడీలో అందరికీ కావలసిన సాఫ్ట్‌వేర్లన్నీ కలిపి ఉంటాయట. ఫార్మాట్ చేశాక అవన్నీ వరసగా ఎక్కించడం వాళ్ల అలవాటు. ఆ ప్లేయర్ కూడా వాటిలో ఒకటి. ఈసారి ఇంకా కొత్త రూపుది.

"పొద్దున నాకూ ఇదే వచ్చిందమ్మాయ్" అని అక్క నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆ వారమంతా నేను మాటలు మళ్లీ పోగుచేయాలని చూశాను. గుర్తున్నవి ఉన్నాయి. కానీ ఏ మాటకు ఏ వాక్యం పెట్టామో తలుచుకుంటే రావు. వేళ్లకే తెలుసు, అది కూడా పని మధ్యలోనే. ఫైలు నడుస్తుండగా ఒకటి గుర్తొస్తే ఆపి నేర్పించాలి. అది చేస్తే పని వెనకపడుతుంది. అక్క ఒక్కటి కూడా పెట్టలేదు.

తర్వాతి నెల మొదట్లో షిఫ్టు మారేటప్పుడు చెప్పింది. "మానేస్తన్నానమ్మాయ్. సార్‌కి గూడా చెప్పా."

"ఆ రోజు సార్ అన్నదానికా అక్కా?"

"ఛ, ఆయనేమన్నా నాకేంది. మొగోళ్లు అంటానే ఉంటారు." హెడ్‌ఫోన్లు తుడిచి నా చేతికిచ్చింది. "ఇంట్లో మా ఆయన మగ్గానికి అచ్చు అతికేటప్పుడు ఎప్పుడన్నా చూశావా? పాత పడుగు చివరి పోగులకి కొత్త పోగులు ఒక్కోటి ముడేస్తాడు. వేలల్లో ఉంటయ్. పాతది ఉంది గనక అతుకుతాడు. ఇక్కడ పాతదే లేకుండా పోయింది. మళ్లీ మొదటినుంచి నా వల్ల కాదు. పొద్దున్నే ఆ బస్సు ఎక్కటం గూడా ఇంక నా వల్ల కాదు."

అలసిపోయానని ఆమె నోటి వెంట వినడం అదే మొదటిసారి. ఆగమని అడగాలనుకున్నాను. ఆమె ముఖం చూశాక అడగలేదు. మెట్లదాకా వెళ్లి సాగనంపాను.

ఆమె చోట కొత్త అమ్మాయి వచ్చింది. డిగ్రీ అప్పుడే అయింది. ఆ నల్లటి కిటికీ గురించి హెచ్చరిస్తే, "పర్లేదండీ, నాకు మౌస్‌తో అలవాటైపోయింది" అంది. పెడల్‌ను కాలితో గోడవైపు నెట్టేసి పని చేసుకునేది. నిదానంగా చేసేది, కానీ విసుక్కునేది కాదు. మధ్యాహ్నం నేను వెళ్లి పెడల్‌ను ముందుకు లాక్కుని, టిక్కులు తీసుకుని, కూర్చునేదాన్ని. మర్నాడు అది మళ్లీ గోడ దగ్గర ఉండేది. ఆ కంప్యూటర్ పాతబడి మూలన పడేదాకా అలాగే గడిచింది. ఆ తర్వాత కొన్నాళ్లకు డాక్టర్ల మాటను యంత్రమే విని టైపు చేసే రోజులు వచ్చాయి. మాకు పని తగ్గింది, మనుషులు తగ్గారు, చివరికి ఆఫీసు మూసేశారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరాను.

మా పిన్ని కూతురు పెళ్లికి చీరలు తీసుకుందామని ఒకసారి అమ్మీ, నేను మంగళగిరి వెళ్లాం. ఆటో దిగి, చేనేత దుకాణాలున్న వీధిలో అక్క ఇంటిపేరు చెప్పి అడిగితే ఇంటికి తీసుకెళ్లి చూపించారు. ముందు గదిలో చాప పరిచి చీరలు అమ్ముతోంది. కాస్త ఒళ్లు చేసింది. నన్ను చూడగానే లేచి, "ఏందమ్మాయ్, చెప్పాపెట్టకుండా" అంది. అమ్మీకి కుర్చీ వేసింది. లోపలినుంచి మగ్గం చప్పుడు వస్తోంది.

అమ్మీ చీరలు విప్పించి, అంచులు వెలుతుర్లో పట్టి చూస్తూ ఉంది. అక్క నాకు టీ తెచ్చింది.

"చెవులు బాగానే ఉన్నాయా?" అంది.

"ఎడమవైపు కొంచెం తగ్గిందక్కా. మీకు?"

"నాకూ ఎడమదే. మగ్గం చప్పుడుకి అనుకున్నా. మా ఆయన ఏదన్నా చెప్తే కుడి చెవి అటు తిప్పుతా." ఆమె నా పక్కనే కూర్చుంది. "స్కూల్లో ఎట్టా ఉంది?"

"గొంతు పోతోంది. పిల్లలు ఊరుకోరు. సాయంత్రానికి మాట రాదు."

"ఉంటదిలే. ఎక్కడైనా ఏదో ఒకటి అరుగుద్ది."

కొత్తగా వచ్చే ఆడవాళ్లకు చూపించి చూపించి తనకు నడుం పట్టేసిందని చెప్పింది. చీర మడత విప్పడం తేలికే, మళ్లీ అదే మడతలో పెట్టడమే కష్టమట. రోజంతా ఒక్క చీరా అమ్ముడుపోకపోయినా అన్నీ మళ్లీ మడవాలి కదా అంది. అమ్మీ పక్కన పెట్టేసినవి అప్పటికే చిన్న గుట్టయ్యాయి. నేను ఒక చివర పట్టుకున్నాను, ఆమె ఇంకో చివర పట్టుకుంది. మాట్లాడుకుంటూ వాటిని మడిచాం.

అమ్మీ ఆకుపచ్చ అంచు చీర ఒకటి, పసుపుది ఒకటి తీసుకుంది. అక్క వాటిని కాగితంలో చుట్టి దారంతో కట్టింది. వెళ్లొస్తామంటే వీధి మలుపుదాకా వచ్చి, మమ్మల్ని బస్సు ఎక్కించి వెళ్లింది. బస్సులో సీట్లు లేవు. అమ్మీని ఎవరో కూర్చోనిచ్చారు. నేను పొట్లం పట్టుకుని విజయవాడదాకా నిలబడే వచ్చాను.